అచ్చాయమ్మ గారి చేతివాసి

మా అత్తయ్య అచ్చాయమ్మ గారి చేతివాసి సంగతి కాకినాడలో మా వీధివీధంతా తెలుసు. ఆవిడ ఎండుకట్టె గుచ్చినా చిగురేస్తుందనేవారు. నాది సరిగ్గా దానికి తలకిందులు. నేను పెంచితే కలబంద కూడా కుళ్లిపోయింది. "కలబందని చంపడానికి కూడా ఓ తెలివుండాలి హైమా" అని మా ఆయన త్రినాథ్ నా మొహమ్మీదే అన్నాడు. ఆయన మట్టిలో ఉండే సూక్ష్మజీవుల మీద డాక్టరేట్ చేసిన మనిషి. ఇంట్లో ఒక్క మొక్కకి చెంబుడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. అలాంటాయన నన్ను అనడం!

మామయ్య గారు పోయాక అత్తయ్య పిఠాపురం దగ్గర వాళ్ల ఊరి నుంచి మా దగ్గరికి వచ్చేసింది. వస్తూ తెచ్చుకున్నదల్లా రెండు చేతిసంచుల చీరలు, ఒక డబ్బాడు విత్తనాలు. ఆనప, బీర, బెండ, గోరుచిక్కుడు, ఎర్ర తోటకూర. అన్నీ నాటువే. ఏటేటా ముదిరిన కాయని చెట్టునే ఎండబెట్టి, గింజలు తీసి, బూడిదలో కలిపి దాచేది. వచ్చిన ఏడాదికే మా మేడ మీద కాలు పెట్టడానికి చోటు లేకుండా పోయింది. పాత పెయింటు బకెట్లు, పగిలిన డ్రమ్ములు, చేపల వాళ్లు పారేసిన థర్మకోల్ పెట్టెలు, ఏది దొరికితే దాన్లో మట్టి పోసింది. వంటింటి చెత్త అంతా ఎరువే. పురుగొస్తే పుల్లటి మజ్జిగ, వేపనూనె. ఎవరైనా పొరపాటున యూరియా అన్నారంటే బూతు విన్నట్టు మొహం పెట్టేది.

మా చుట్టుపక్కల మేడల మీద తోటలు వేసుకునేవాళ్లు ఒక నలభై ఇళ్ల వరకూ ఉంటారు. వాళ్లకో ఆనవాయితీ ఉంది. ఉగాది నాడు పచ్చడి తిన్నాక ప్రతి మేడ మీదా తొలి విత్తు మా అత్తయ్య చేత్తోనే పడాలి. రిటైరైన హెడ్మిస్ట్రెస్ రాజ్యలక్ష్మి గారు ముందుండి ఊరేగింపులా తిప్పేవారు. "అచ్చాయమ్మ గారూ, మా బెండ మడి కూడా చూసెళ్లండీ" అని ఒకరు, "వదినగారూ, ముందు మా మేడెక్కండి, కాఫీ పెట్టేను" అని ఒకరు. అత్తయ్య కొత్త చీర కట్టుకుని, మోకాళ్ల నొప్పుల్తో ఆ మెట్లన్నీ ఎక్కుతూ దిగుతూ, సాయంత్రానికి కాళ్లు పట్టేసి వచ్చేది. మొహం మాత్రం వెలిగిపోతుండేది. ఆ ఒక్క రోజు కోసమే ఆవిడ ఏడాదంతా బతికేదని నాకు అప్పుడే తెలుసు.

ఒక ఆదివారం మా ఆయనకి ఉన్నట్టుండి అనుమానం పుట్టింది. "చేతివాసి అంటే ఏంటసలు? చూద్దాం" అని ఒకే డబ్బాలో గింజలు, ఒకే మట్టి తెచ్చి ట్రేలలో పోశాడు. ఒక ట్రే నాకు, ఒకటి వాళ్లమ్మకి. ఆవిడవి అన్నీ లేచాయి. నావి సగానికి సగం మట్టిలోనే పోయాయి. అంతవరకూ వింతేం లేదు. మళ్లీ నాటించాడు. ఈసారి వాళ్లమ్మ చేతికి రబ్బరు గ్లౌజులు తొడిగి నాటమన్నాడు.

"మట్టికి గ్లౌజులేంట్రా, అన్నాన్ని చెంచాతో తిన్నట్టూ!" అంటూనే వేసుకుంది పాపం.

ఈసారి ఆవిడ ట్రే కూడా అచ్చం నా ట్రేలాగే ఏడ్చింది. నాకు లోలోపల భలే సంతోషం వేసింది, దాచుకోవడమెందుకు. మా ఆయన మాత్రం నవ్వలేదు. వాళ్లమ్మ అరచెయ్యి తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వాసి చర్మం మీదుంది" అన్నాడు.

*

మా ఆయన పనిచేసేది ఊరి చివర ఓ ప్రైవేటు విత్తనాల కంపెనీ ప్రయోగశాలలో. మర్నాడు వాళ్లమ్మని అక్కడికి తీసుకెళ్తుంటే నేనూ బయల్దేరాను. నేను పాఠాలు చెప్పే స్కూలుకి సెలవు పెట్టి మరీ వెళ్లానంటే నా కుతూహలం మీరే అర్థం చేసుకోండి. గాజు పళ్లెంలో జున్నులా గడ్డకట్టిన పదార్థం పోసి ఉంది. దాని మీద చెయ్యి ఆన్చమన్నాడు. ఆవిడ గుళ్లో దణ్ణం పెట్టినంత భక్తిగా ఆన్చింది.

కొన్ని రోజులకి ఆ పళ్లెం చూపించాడు. అరచెయ్యి, అయిదు వేళ్లు, ఉంగరం వేలి మీది పాత మచ్చతో సహా, లేత పసుపు రంగులో చుక్కలు చుక్కలుగా మొలిచింది.

"ఓలమ్మో, గుమ్మానికి పసుపు చెయ్యి అద్దినట్టుంది కదే అమ్మాయ్!" అంది అత్తయ్య.

"ఇవన్నీ నీ చేతి మీద కాపరమున్న జీవులమ్మా. అందరి చేతుల మీదా ఉంటాయి. కానీ ఇదుగో, ఈ పసుపుది మాత్రం ఇంకెవరి చేతిమీదా లేదు. నువ్వు గింజని పట్టుకోగానే ఇది పొట్టులోంచి లోపలికెళ్లి లే లే అని తట్టి లేపుతుంది."

అత్తయ్య ఆ పళ్లెం వైపే చూస్తూ, "అయితే నా చెయ్యి కాదన్నమాట. పురుగన్నమాట" అంది.

"నీ చేతిలో పుట్టిందేగా. నీదే."

"ఏమో నాన్నా. నలభయ్యేళ్లు నా చెయ్యే అనుకున్నాను" అని పైటకొంగుతో అరచెయ్యి తుడుచుకుంది. మా ఆయన మైక్రోస్కోపులో తల పెట్టేశాడు కాబట్టి ఆవిడ మొహం చూళ్లేదు. నేను చూశాను.

ఆ తర్వాత ఆయన ఇంట్లో ఉన్నా లేనట్టే అయిపోయాడు. అన్నం ముందు కూర్చుని కూడా దాని గురించే. అమ్మ చేతి జీవి నిదానమట. గింజని మెల్లగా లేపి, పని అయిపోగానే ఊరుకుంటుందట. వాళ్ల పై ఆఫీసరు నిదానం పనికిరాదన్నాడట, రైతుకి జోరు కావాలట. అందుకని దానికి పదును పెట్టాడు మా ఆయన. ప్రతి తరంలో చురుకైనదాన్ని ఏరి, మళ్లీ పెంచి, మళ్లీ ఏరి. చివరికొచ్చింది ఎంత జోరంటే, నెలన్నరకి రావాల్సిన పూత మూడు వారాలు తిరక్కుండానే వచ్చిందట.

"మనుషులకేమీ కాదు కదండీ?" అని అడిగాను, మజ్జిగ వడ్డిస్తూ.

"మనిషి చేతిలోంచి వచ్చిందే కదా, మళ్లీ మనిషి మీద పరీక్షెందుకన్నారు మా వాళ్లు." ఆయన మజ్జిగలో ఉప్పు కలుపుకున్నాడు. నాకూ అది సబబుగానే తోచింది.

*

అత్తయ్య ఉగాదికి ముందు పెద్ద డ్రమ్ములో జీవామృతం కలిపేది. పేడ, గోమూత్రం, బెల్లం, సెనగపిండి, నీళ్లు, ఆఖర్న మందు ఎరగని పొలంగట్టు నుంచి పిడికెడు మట్టి. ఆ పిడికెడు మట్టే పాలకి తోడు లాంటిది. అదెప్పుడూ వాళ్లూరి పొలంగట్టు నుంచే తెప్పించుకునేది. ఆ ఏడు కౌలుకి చేసేవాడు గట్టు మీద గడ్డిమందు కొట్టించేశాడని తెలిసింది. ఇంకేముంది, డ్రమ్ము ముందు తల పట్టుకు కూర్చుంది.

"ఆ పిడికెడు లేకపోతే ఇదంతా ఉత్త పేడనీళ్లే కదా బాబూ."

మా ఆయన చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీశాడు. బూడిదరంగు పొడి. ప్రయోగశాలలోంచి ఎవరికీ చెప్పకుండా తెచ్చాడు. వాళ్లమ్మ ఉసూరుమంటుంటే చూడలేకపోయాడు, అంతే. ఆయన తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

"ఇది నీ చేతిదేనమ్మా. ఏ గట్టు మట్టికన్నా నయం. కర్రతో తిప్పు, చెయ్యి పెట్టకు" అన్నాడు.

"నా చేతిదాన్లో నా చెయ్యి పెడితే ఏమవుద్దిరా, పిచ్చిసన్నాసీ" అని మోచెయ్యి దాకా ముంచి, అడుగున బెల్లం గడ్డలు చిదిపింది. ప్రతి ఏడూ అలాగే చిదిపేది. కర్రకి బెల్లం తగలదనేది.

ఉగాది నాడు ఎప్పట్లాగే నలభై మేడలూ తిరిగింది. ఎప్పట్లాగే ప్రతి మడిలోనూ తొలి విత్తు వేసింది. వాళ్లందరికీ సీసాల్లో జీవామృతం కూడా పంచింది.

అబ్బ, ఆ వేసవి కాపు! నేను చచ్చినా మరిచిపోను. బెండ మొక్కలు నన్ను దాటి పెరిగాయి. ఆనపపాదు మా మేడ దాటి ఎదురింటి డిష్షు పట్టుకుని పాకింది. పొద్దున్న కోస్తే సాయంత్రానికి మళ్లీ కాయలు. మొదట్లో పంచితే మురిసిపోయినవాళ్లే, వైశాఖం దాటేసరికి మేం సంచి పట్టుకుని గేటు తియ్యగానే తలుపులేసుకోవడం మొదలెట్టారు. వాళ్లిళ్లలోనూ కాయలు కుప్పలుగా పడున్నాయి మరి. ఆనపకాయ పులుసు, ఆనపకాయ పాలుపోసిన కూర, ఆనపకాయ హల్వా. మా ఆయన టిఫిను డబ్బా మూత తీయడానికి భయపడేవాడు.

"అచ్చాయమ్మ గారి చెయ్యి ఈ ఏడు ఇంకో మెట్టెక్కిందండీ!" అన్నారు రాజ్యలక్ష్మి గారు. అత్తయ్య నిజంగానే సిగ్గుపడింది. కొడుకు పెట్టిన పొడి సంగతి చెప్పబోతే మా ఆయన కళ్లతోనే వద్దన్నాడు. కంపెనీ సరుకు కదా.

*

విత్తనానికని వదిలిన కాయలు ఆషాఢంలో ఎండాయి. అత్తయ్య మేడ మీద పీట వేసుకుని ఒక ముదురు బెండకాయ విరిచింది. నేను పక్కనే బట్టలు ఆరేస్తున్నాను.

"అమ్మాయ్, ఇలా రావే."

కాయలో గింజలు లేవు. గింజల చోట తెల్లటి వేళ్లు పీచు పీచుగా ఒకదానికొకటి చిక్కు పడి, నల్లగా కుళ్లి ఉన్నాయి. ఇంకోటి విరిచింది. అదీ అంతే. బీరకాయ, గోరుచిక్కుడు, ఆనప, ఏది పగలగొట్టినా లోపల గింజలన్నీ అప్పటికే మొలిచి, వెలుగులేక చచ్చిపోయి ఉన్నాయి. కడుపులోనే పుట్టి కడుపులోనే పోయినట్టు అనిపించి నాకు వాంతొచ్చింది. వాంతికి కారణం అదొక్కటే కాదని తర్వాత తెలిసింది. నాకు నెల తప్పింది.

రాజ్యలక్ష్మి గారు రొప్పుకుంటూ వచ్చారు. "వదినగారూ, మా బీరకాయలో మొక్కలు మొలిచాయండీ! ఇదేం చోద్యం!" ఆవిడ వెనకే ఇంకో నలుగురు. ఒక్క మేడ మీద కూడా గింజ మిగల్లేదు.

సాయంత్రం మా ఆయన ఆ కాయలు చూసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

"మేము కోతవరకే చూశాం. కాయ కోశాక ప్రయోగం అయిపోయినట్టే. మా కంపెనీ విత్తనాలు కొనేవాళ్లు గింజలు దాచుకోరుగా, ఏటా కొనుక్కుంటారు. కాయ ఎండేదాకా ఉంచి చూడాలని ఎవరికీ తట్టలేదు హైమా. నాకూ తట్టలేదు. మా అమ్మ ప్రతి ఏడూ అదే పని చేస్తుంటే కళ్లారా చూస్తూ కూడా తట్టలేదు." తల గోడకేసి కొట్టుకోబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను.

పాత జీవి గింజని ఒక్కసారి లేపి ఊరుకునేది. పదునెక్కినదానికి ఊరుకోవడం తెలీదు. మొక్కలోకి పాకి, పువ్వులోకి, కాయలోకి, పుట్టీపుట్టని గింజలోకి దూరి లేపేస్తుంది.

అక్కడితో పోతే బాగుండేది. ఒకరోజు వంటింట్లో పెసలు నానబెడదామని డబ్బా తీస్తే, పెసలన్నీ పొడిగానే తోకలేశాయి. అంతకుముందురోజు అత్తయ్య చెయ్యి పెట్టి కొలిచింది. మినుములూ అంతే, మెంతులూ అంతే. మొదట నవ్వుకున్నాం. "మొలకలకి శ్రమ తప్పింది లెండి అత్తయ్యా" అన్నాను. ఆవిడ నవ్వి, లోపలికెళ్లి, పెట్టె అడుగున దాచుకున్న ఆనప గింజలు తెచ్చింది. వాళ్లమ్మమ్మ కాలం నాటి రకం, నిరుడు దాచినవి. అరచేతిలో పోసుకుని గుప్పిట మూసి కూర్చుంది. నేను కాఫీ కలిపి తెచ్చేసరికి గుప్పిట విప్పింది. గింజలు పగిలి, తెల్లగా ముక్కులు బయటపెట్టాయి.

"చూడవే, చూడవే! మట్టి లేదు, నీళ్లు లేవు!" ఆవిడ కళ్లల్లో నీళ్లు. గబగబా మట్టిలో పెట్టాం. చీకటి పడేలోపే ఆకులు విప్పి, అంతే జోరుగా వాలిపోయాయి. పొద్దున్నకి దారప్పోగులు మిగిలాయి. గింజలో ఉన్న ఓపికంతా ఒక్కపూటలో ఖర్చు పెట్టించేసింది ఆ చెయ్యి. ఉగాదికి పలచగా ఉన్నది ఈ నెలల్లో చేతి మీదా మడుల్లోనూ దట్టంగా పెరిగిపోయిందన్నాడు మా ఆయన.

డబ్బాలో మిగిలిన గింజలు ఆవిడ ముట్టుకోలేదు. డబ్బా మాత్రం అప్పటికే ముట్టుకుంది. అవీ పోయాయి.

*

"పాతది ఉందిగా మీ దగ్గర! అమ్మ చేతిలోంచి మొదట తీసింది! అది తెచ్చి మళ్లీ పూసేయండి" అని నేను మా ఆయన మీద గయ్యిమన్నాను.

ప్రయోగశాలలో మంచులో పెట్టి దాచిన గొట్టాలున్నాయి. ఆశగా వెళ్లాడు. ఆ రోజు భోజనం వేళకే తిరిగొచ్చేశాడు. అంత తొందరగా ఎప్పుడూ రాడు. మొహం చూడగానే అర్థమైంది.

"అన్ని గొట్టాల్లోనూ కొత్తదే ఉంది. ఒకే బల్ల మీద రెండింటినీ పెంచాం. ఎప్పుడు దూరిందో దూరింది. ఎక్కడుంటే అక్కడ పాతదాన్ని తినేస్తుంది అది."

"ఈ చేతి మీద కూడానా?" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

ఆయన తలొంచుకున్నాడు. తల్లి చేతిలో పుట్టి తల్లినే మింగేసింది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మావాళ్లంటారే, అదీ మా బతుకు.

ఆ తర్వాత ఏం చెయ్యలేదని అడగండి. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాం, పూతమందులిచ్చాడు, మింగేవీ ఇచ్చాడు. స్పిరిటుతో కడిగించాం. వేపాకు నూరి పట్టించాం. పసుపూ సున్నం కలిపి రాయించుకుంది. సర్ఫు, కుంకుడు రసం, నిమ్మచెక్క, ఎవరేం చెబితే అది. రెండు రోజులు లేనట్టే ఉండేది. ఓ గింజ పట్టుకుని చూసుకునేది, అది పగిలేది. ఏ రంధ్రంలో దాక్కుంటుందో, చెమట పట్టగానే బయటికొచ్చేస్తుందన్నాడు మా ఆయన. ఆవిడ అరచేతులు పగిలి నెత్తుర్లు కారాయి. అన్నం కలుపుకోలేక చెంచాతో తినడం మొదలెట్టింది. అది చూసి నేను వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

కంపెనీవాళ్లు ప్రయోగం ఆపేశారు. "సరుకు మార్కెట్లోకి పోలేదు కాబట్టి గొడవ లేదు" అన్నాడట పై ఆఫీసరు. పోయిందని, మా వీధిలో నలభై మేడల మీద ఉందని మా ఆయన చెప్పాడు. ఆ ఆఫీసరు విని, తలుపు వేసి, "అది మీరు ఇంటికి తీసుకెళ్లారు కాబట్టి కదా?" అన్నాడట. ఉద్యోగం వాళ్లు తియ్యలేదు, ఈయనే మానేసి ఒక కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాడు. సాయంత్రాలు మేడల మీది మట్టి తీయించి, సున్నం చల్లించి, కొత్త మట్టి పోయించేవాడు. కొత్త మట్టిలోనూ మొక్కలు మూడో రోజుకే ఏపుగా లేచి గాలికి ఊగిపోయి, ఎనిమిదో రోజుకి వాలిపోయేవి.

రాజ్యలక్ష్మి గారితో సహా అందరికీ నిజం చెప్పింది మా అత్తయ్యే. కొడుకు పేరు రానివ్వలేదు. "నా చెయ్యి చెడింది. మీ మడులన్నీ నేనే పాడుచేశాను. క్షమించండి" అని ప్రతి మేడా ఎక్కి చెప్పొచ్చింది. విత్తనం వెయ్యడానికి ఎక్కిన మెట్లే. ఎవరూ ఒక్క మాట అనలేదు. కాఫీ ఇచ్చారు. ఆవిడ తాగిన గ్లాసు మాత్రం ఒకావిడ విడిగా పక్కన పెట్టడం అత్తయ్య చూసిందట. ఆ సంగతి నాకు చాన్నాళ్లకి చెప్పింది.

*

మళ్లీ ఫాల్గుణం వచ్చింది. బయట వేపచెట్లు పూశాయి. మా మేడ మీద ఖాళీ బకెట్లు బోర్లించి ఉన్నాయి. జీవామృతం డ్రమ్ములో వాననీళ్లు తప్ప ఏమీ లేవు. ఉగాదికి ముందు రాజ్యలక్ష్మి గారొచ్చి, అరుగు మీద కూర్చుని, ఎంతో మెత్తగా, "ఈ ఏడు మీరు విశ్రాంతి తీసుకోండి వదినగారూ. ఏలూరు నుంచి ఎవరో విత్తనాలు పంపిస్తామన్నారు, కుండీలు కూడా కొత్తవే కొంటున్నాం" అని చెప్పి వెళ్లారు.

"అలాగేనమ్మా. నా మోకాళ్లు కూడా సహకరించట్లేదు" అంది అత్తయ్య. ఆవిడ వెళ్లాక చాలాసేపు అరుగు మీదే కూర్చుంది.

ఆ వారమే నాకు ఆడపిల్ల పుట్టింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, అందుకని పురుడు అత్తగారింట్లోనే. పథ్యం వండింది, నాకు కాపడం పెట్టింది, పాతచీరలు చింపి మెత్తటి పొత్తిగుడ్డలు కుట్టింది. అన్నీ గ్లౌజులేసుకునే. పచ్చిబాలింతకి అంటుకోకూడదని జాగ్రత్త పడుతోందనుకున్నాను. పిల్ల ఏడిస్తే మాత్రం, "త్రినాథూ, ఎత్తుకోరా" అని కేకేసేది. తను దూరంగా నిలబడి "చిన్నమ్మా, చిన్నమ్మా" అని పిలిచేది. ఆసుపత్రిలో నర్సు పిల్లని తన చేతికివ్వబోతే నడుంనొప్పన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఆవిడ పిల్లని ముట్టుకోలేదు. ఒక్కసారి కూడా.

మా వీధిలో సగంమంది పిల్లలకి ఆ చేతులే మొదటి లాల పోశాయి. పురిటి స్నానం రోజు పొద్దున్నే నేను నువ్వులనూనె వెచ్చబెట్టి, సున్నిపిండి కలిపి, దొడ్లో పీట వేసి పిలిచాను. "రండత్తయ్యా, మీ మనవరాలికి నీళ్లు పొయ్యండి."

ఆవిడ రాలేదు. గుమ్మంలో నిలబడి కొడుకు వైపు చూసింది. మా ఆయన వేడినీళ్లలో చన్నీళ్లు పోసి తొరుపుతున్నాడు.

"నాన్నా, ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పు. ఇది గింజల్ని తొందరపెట్టి లేపేసి చంపుతోంది. పసిగుడ్డు కూడా గింజలాంటిదే కదా. నేను ముట్టుకుంటే బిడ్డకేమీ కాదు కదా?"

ఏమీ కాదని చెప్పొచ్చు. మనిషి వేరు, గింజ వేరు. అంతమంది ఇళ్లలో కాఫీ తాగింది, నాకు అన్నం వండి పెట్టింది, ఎవరికేమయ్యింది? నేను ఆయన వైపు చూస్తూనే ఉన్నాను, ఆ మాట అంటాడేమోనని. అబద్ధమైనా అంటాడేమోనని. ఆయన చెంబు కింద పెట్టాడు.

"అమ్మా... అవదనే అనుకుంటున్నాను. కానీ... పరీక్ష చెయ్యలేదమ్మా."

"ఊఁ" అంది అత్తయ్య. కోపం లేదు, కన్నీళ్లు లేవు. "తెలీదన్నమాట. సరే. నువ్వే పొయ్యవే అమ్మాయ్, నేను చెబుతాను."

"గ్లౌజులేసుకోండత్తయ్యా! ఏమీ కాదు, నేను చెబుతున్నానుగా!" అని అరిచాను.

"అవి చిరుగుతాయే. మొన్న పెసలు తీసినప్పుడు చిరిగి, అవన్నీ మొలకెత్తలేదూ?"

పీట మీద కూర్చుని కాళ్లు చాపుకున్నాను. మా ఆయన పిల్లని తెచ్చి నా కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టాడు. అత్తయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నా పక్కనే వంగి చెప్పడం మొదలెట్టింది.

"మెడ కింద చెయ్యి పెట్టు. అలాక్కాదు, వేళ్లు విప్పి. వెన్ను మీద కిందనుంచి పైకి రాయి, నెమ్మదిగా. మాడు మీద నొక్కకే, మెత్తగా ఉంటది. ఆఁ. ఇప్పుడు తిప్పు. నీళ్లు నీ మోచేతి మీద పోసి చూసుకో ముందు. చెవుల్లోకి పోనీకు. బంగారుతల్లి, నా చిట్టితల్లి, అయిపోయింది, అయిపోయింది."

పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. అత్తయ్య గొంతు వినగానే తల అటు తిప్పింది. ఆవిడ ఇంకాస్త వంగింది. భుజం మీది కొంగు జారి పిల్ల మీద పడింది. పిల్ల ఆ కొంగుని గుప్పిట్లో గట్టిగా పట్టేసుకుని, ఒక్కసారిగా ఏడుపు ఆపేసింది.

అత్తయ్య కదల్లేదు. నడుం వంగినది వంగినట్టే ఉంది. వెనక్కి పెట్టుకున్న చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి, పగిలిన చోట మళ్లీ ఎర్రబడింది. ఆవిడ ఊపిరి మాత్రం పిల్ల మొహం మీద తగులుతోంది. మా ఆయన చెంబు పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"విడిపించవే" అంది అత్తయ్య.

"ఉండనివ్వండత్తయ్యా, కాసేపు."

"ఈ కొంగుతోనే ఎన్నిసార్లు చెయ్యి తుడుచుకున్నానో. విడిపించమ్మా, నీకు పుణ్యముంటుంది."

ఒక్కొక్క వేలూ విప్పాను. నా కూతురు మళ్లీ ఏడుపు అందుకుంది. అత్తయ్య కొంగు వెనక్కి లాక్కుని, "తల తుడు ముందు, జలుబు చేస్తది" అంది.